ఇద్దరి మీదా చెయ్యి వేయగలవాడు

అందరికీ వందనాలండీ. వెనక వరసలో వినిపిస్తోందా? సరే. ఇవాళ నాకిచ్చిన అంశం దేవుడికీ మనిషికీ మధ్య మధ్యవర్తిత్వం. ఈ మాట వినగానే మనలో చాలామందికి ఠక్కున గుర్తొచ్చే వాక్యం 1 తిమోతి 2:5. "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు." సండే స్కూల్ పిల్లాణ్ణి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాడు. నా ఇబ్బంది ఏంటంటే, వాక్యం కంఠతా వచ్చినా బుర్రలో ఉన్న బొమ్మ మాత్రం ఎమ్మార్వో ఆఫీసుది. లోపల సారు ఉంటారు, ఆయన్ని మనం నేరుగా కలవలేం, కలిసినా మన మాట వినరు, బయట ఒకాయన ఉంటాడు, ఆయనకి సారు దగ్గర చనువు, మన కాగితం ఆయన చేతిలో పెడితే పని జరుగుతుంది. ఆ బయట ఆయన్ని తీసేసి ఆ కుర్చీలో యేసుప్రభువుని కూర్చోబెట్టి, ఇదేనండీ మధ్యవర్తిత్వం అనుకుంటూ బతికేస్తున్నాం. ఈ బొమ్మతో సంఘం మొదటి ఐదు శతాబ్దాలూ పోట్లాడింది, ఆ పోట్లాట సంగతే ఇవాళ మాట్లాడతాను. కొంచెం అటూ ఇటూ తిరుగుతాను, ఓపిక పట్టండి.

ముందు యోబు దగ్గరికి వెళ్దాం, తొమ్మిదో అధ్యాయం. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా కురుపులు, బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటున్నాడు, ఓదార్చడానికొచ్చిన స్నేహితులేమో నువ్వేదో చేసే ఉంటావులే అని సాధిస్తున్నారు. ఆ స్థితిలో ఆయన కోరుకుంటున్నది దేవుడితో వ్యాజ్యం. ఇద్దరం న్యాయస్థానంలో నిలబడదాం, నా తప్పేంటో చెప్పమనండి అంటాడు. వెంటనే అవతలి పక్షం తనలాంటి మనిషి కాదన్న సంగతి ఆయనకే తడుతుంది. అప్పుడంటాడు, "మా యిద్దరిమీద చెయ్యి ఉంచదగిన మధ్యవర్తి మాకు లేడు" అని. ఇద్దరి మీదా చెయ్యి అంటున్నాడు, గమనించండి. బూడిదలో కూర్చున్న మనిషిని ముట్టుకోగలగాలి, అటు దేవుడి మీద కూడా చెయ్యి వేసి ఒక్క నిమిషం ఆగండి అనగలగాలి. దేవుడి మీద చెయ్యి వేసే స్థాయి ఎవరికుందండీ? అలాంటివాడు లేడని యోబుకి తెలుసు, అందుకే అది విన్నపంలా కూడా వినపడదు, వట్టి ఫిర్యాదు.

మరి మోషే లేడా అంటారు మీరు. ఉన్నాడు. సీనాయి కొండ దగ్గర ఉరుములు, మెరుపులు, బూర శబ్దం, పొగ, అది చూసి జనం వెనక్కి జరిగిపోయి, నువ్వు మాతో మాట్లాడు, వింటాం, దేవుడు మాట్లాడితే చచ్చిపోతాం అన్నారు. అంటే మధ్యవర్తిని జనమే అడిగి తెచ్చుకున్నారు, భయంతో. ఆ మోషే కొండ మీద ఉండగానే కింద దూడని చేసుకున్నారు. నిర్గమకాండం 32 ఇంటికెళ్లి తీరిగ్గా చదవండి, అందులో ఒక తమాషా ఉంది. దేవుడు మోషేతో "నువ్వు ఐగుప్తు నుంచి తెచ్చిన నీ ప్రజలు చెడిపోయారు" అంటాడు. మోషే జవాబిస్తూ "ప్రభువా, మీరు ఐగుప్తు నుంచి తెచ్చిన మీ ప్రజల మీద కోపం ఎందుకు" అంటాడు. నీ ప్రజలు అంటే మీ ప్రజలు! ఇంత చనువు పాత నిబంధనలో ఇంకెవరికీ కనపడదు. చివరికి, వాళ్లని క్షమించకపోతే నీ పుస్తకంలోంచి నా పేరు తుడిచెయ్యి అనేదాకా వెళ్తాడు. దేవుడు ఆ బేరానికి ఒప్పుకోలేదు, ఎవరి పాపానికి వాళ్లే అన్నాడు. ఎందుకంటే మోషే ఎంత గొప్పవాడైనా వీళ్ల పక్షం మనిషి, వీళ్ల లెక్కలో ఒకడు, తన పేరుని ఇంకొకరి పేరుకి బదులు పెట్టగల స్తోమత లేనివాడు. తర్వాత మెరీబా దగ్గర ఆయనే తప్పు చేసి కనానులో అడుగు పెట్టకుండా పోయాడు కదా.

ఇక్కడ్నించి ప్రధాన యాజకుడి దగ్గరికి వస్తాను, ఈ భాగం నాకు చాలా ఇష్టం, కొంచెం ఎక్కువసేపు ఉంటాం. లేవీయకాండం 16, ఏడో నెల పదో రోజు, ప్రాయశ్చిత్తార్థ దినం. ఏడాదికి ఆ ఒక్క రోజే, ఆ ఒక్క మనిషే అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లాలి. ముందు తన కోసం, తన ఇంటివాళ్ల కోసం కోడెదూడ, ఆ తర్వాతే జనం కోసం రెండు మేకలు, వాటికి చీట్లు వేసి ఒకదాన్ని బలిస్తారు, రెండోదాని తల మీద రెండు చేతులూ ఉంచి జనం పాపాలన్నీ ఒప్పుకుని అడవికి వదిలేస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు ధూపార్తి నిండా నిప్పులు, రెండు పిడికిళ్ల ధూపద్రవ్యం. ఆ పొగ కరుణాపీఠాన్ని, అంటే నిబంధన మందసం మీది మూతని, కమ్మెయ్యాలి, ఎందుకంటే "అతడు చావకుండునట్లు" అని రాసి ఉంది. దేవుడి దగ్గరికి మనిషిని పంపిస్తూ, అతను చూడకుండా మధ్యలో పొగ పెట్టడం! దగ్గరికి రమ్మనీ దగ్గరికి రావద్దనీ రెండూ ఒకే క్రియలో ఉన్నాయి.

ఈ సందర్భంలో మన పల్పిట్ల మీద బాగా నడిచే ఒక కథ ఉంది, మీరూ వినే ఉంటారు. యాజకుడి కాలికి తాడు కట్టేవాళ్లట, అంగీ అంచుకి గంటలు ఉండేవట, గంటల చప్పుడు ఆగిపోతే లోపల చచ్చిపోయాడని తాడు పట్టుకుని శవాన్ని లాగేవాళ్లట. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది, అందుకే వదలరు. కానీ ఆ తాడు లేవీయకాండంలో లేదు, ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్‌లో లేదు, మిష్నాలో లేదు. తాడు ప్రస్తావన మధ్యయుగపు యూదుల రాతల్లో, 13వ శతాబ్దంలో స్పెయిన్‌లో బయటికొచ్చిన జోహార్ లాంటి వాటిలో కనపడుతుంది. గంటలున్న నీలి అంగీ సంగతి కూడా అంతే, అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు అది వేసుకోడు, నార బట్టలే వేసుకోవాలని 16:4లో స్పష్టంగా ఉంది. ఆ కథ చెప్పకుండా కూడా ఆ రోజు టెన్షన్ ఎంతో చెప్పొచ్చు, అసలైన ఆధారాలే అంత బాగున్నాయి.

మిష్నా అంటే సుమారు క్రీ.శ. 200 నాటికి ఒక చోట కూర్చిన యూదుల ధర్మసంప్రదాయం. అందులో ఈ దినం గురించి యోమా అని ఒక భాగమే ఉంది. ఆ పండక్కి ఏడు రోజుల ముందే ప్రధాన యాజకుణ్ణి ఇంటినుంచి తీసుకొచ్చి ఆలయంలో ఒక గదిలో ఉంచేవాళ్లు. ఆయన అపవిత్రుడైపోతే ఎలా అని ఇంకో యాజకుణ్ణి సిద్ధంగా పెట్టేవాళ్లు. ఒక రబ్బీ అయితే, 'తన ఇంటివాళ్ల కోసం' అని ఉంది కాబట్టి, భార్య హఠాత్తుగా చనిపోతే ఇల్లే లేకుండా పోతుంది కదా, ఇంకో భార్యని కూడా సిద్ధం చెయ్యాలి అన్నాడు. మిగతావాళ్లు, ఇలా అయితే దీనికి అంతు ఎక్కడ అన్నారు. (నవ్వులు) ముందు రాత్రి ఆయన్ని నిద్రపోనివ్వరు. కునుకు పడుతుంటే కుర్ర యాజకులు చిటికెలేసి, లేచి ఒకసారి చల్లటి నేల మీద నిలబడండి అయ్యా అంటారు. కాలక్షేపానికి లేఖనాలు చదివి వినిపిస్తారు. ఏ గ్రంథాలు చదివేవాళ్లో కూడా అందులో ఉంది, వరసలో మొదటి పేరే యోబు! ఇద్దరి మీదా చెయ్యి వేసేవాడు లేడన్న ఆ గ్రంథాన్ని, తెల్లారితే దేవుడి ముందుకి వెళ్లబోయే మనిషికి, ఆ రాత్రి చదివి వినిపించేవాళ్లు. కావాలని చేశారో లేదో గానీ నేను మాత్రం ఈ సంగతి మర్చిపోలేను.

తెల్లారాక లోపలికి వెళ్తాడు. రెండో ఆలయం రోజుల్లో లోపల మందసం లేదు, నేల నుంచి మూడు వేళ్ల ఎత్తున ఒక రాయి ఉండేది, దాని మీద నిప్పుల పాత్ర పెట్టేవాడు. క్రీ.పూ. 63లో రోమా సేనాపతి పాంపే తోసుకుంటూ లోపలికి వెళ్లి చూస్తే అక్కడ ఏ దేవుడి బొమ్మా కనపడలేదని, ఖాళీ గది అని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. సరే, యాజకుడు పొగ నిండాక బయటికొస్తూ బయటి గదిలో ఒక చిన్న ప్రార్థన చేస్తాడు. మిష్నా ఏమంటుందంటే, ఇశ్రాయేలీయులు కంగారు పడకుండా ఉండాలని ఆ ప్రార్థన పొడిగించేవాడు కాదు. మనవాళ్లు కొందరు నేర్చుకోవాల్సిన విషయం. (నవ్వులు) నవ్వకండి, ఆలోచించండి, బయట వేలమంది నిలబడి ఉన్నారు, వాళ్ల ఏడాది మొత్తం ఆ ఒక్క మనిషి ప్రాణాలతో బయటికి రావడం మీద ఆధారపడి ఉంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే గుండె దడ. వచ్చాక ఊపిరి పీల్చుకుంటారు. వచ్చే ఏడాది మళ్లీ ఇదే.

హెబ్రీ పత్రిక రాసినాయనకి ఇదంతా కళ్లకి కట్టినట్టు తెలుసు. ఆయన వాదన భక్తి పాటలా సాగదు, పక్కా లాయరు వాదన. యేసు యూదా గోత్రంవాడు, యాజకులేమో లేవీ గోత్రంవాళ్లే కావాలి, కాబట్టి మోషే ధర్మశాస్త్రం ప్రకారం యాజకుడయ్యే అర్హతే లేదు, ఆ మాట తానే ఒప్పుకుంటాడు. భూమ్మీద ఉంటే ఆయన యాజకుడే కాడు అని 8:4లో అనేస్తాడు కూడా. అందుకే లేవీ కంటే పాతవాడైన మెల్కీసెదెకుని, ఆదికాండం 14లో రొట్టె ద్రాక్షారసం తెచ్చి అబ్రాహాముని దీవించినవాణ్ణి, 110వ కీర్తనలోంచి బయటికి లాగుతాడు. అక్కడ్నించి మెల్లగా ఒక్కొక్క మేకూ దిగ్గొడతాడు. ఈయన తన కోసం ముందు కోడెని అర్పించక్కర్లేదు. ఈయన చనిపోయి పదవి ఇంకొకరికి ఇవ్వక్కర్లేదు. పదో అధ్యాయంలో ఒక మాట నాకు ఎంతిష్టమో, యాజకులందరూ ప్రతిరోజూ నిలబడి అవే బలులు అర్పిస్తుంటారు, ఈయన ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు అంటాడు. గుడారంలో దీపస్తంభం ఉంది, బల్ల ఉంది, ధూపవేదిక ఉంది, యాజకుడికి కుర్చీ మాత్రం లేదు. పని అయిపోతే కదా కూర్చునేది.

ఇక్కడిదాకా అందరం ఆమేన్ అంటాం. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఈయన ఎవరు? దేవుడికి దగ్గరగా ఉన్న పెద్ద మనిషా, మనిషికి దగ్గరగా ఉన్న చిన్న దేవుడా? ఆ రోజుల్లో చదువుకున్న లోకం అంతా ప్లేటో శిష్యుల లోకం. పైన దేవుళ్లు, కింద మనుషులు, మధ్య గాలిలో ఆత్మల్లాంటి జీవులు, వాళ్లే మన ప్రార్థనలు పైకి మోసి, వరాలు కిందికి మోస్తారు, ఎందుకంటే ఏ దేవుడూ మనిషితో కలవడు, అది ఆయన స్థాయికి తగదు. ఉత్తర ఆఫ్రికాలో మదౌరా ఊరివాడు అపులేయస్ రెండో శతాబ్దంలో దీన్ని లెక్క కట్టి రాశాడు. ఆ మధ్య జీవులకి ప్రాణం మనలాగే, బుద్ధి మనలాగే, ఆవేశకావేషాలు మనలాగే, శరీరం గాలితో చేసింది, ఆయుష్షు మాత్రం దేవుళ్లలా అంతులేనిది. అదే మదౌరాలో చిన్నప్పుడు చదువుకున్న అగస్టీన్, తర్వాత హిప్పోకి బిషప్ అయినాయన, 410లో గోత్ జాతివాళ్లు రోమా నగరాన్ని దోచుకున్నాక మొదలుపెట్టిన తన పెద్ద గ్రంథం తొమ్మిదో భాగంలో ఈ లెక్కని పట్టుకుని ఆడుకున్నాడు. అయ్యా, మీ మధ్యవర్తులకి దేవుళ్లతో కలిసేది శరీరపు శాశ్వతత్వం ఒక్కటేనా, మనుషులతో కలిసేది మనసులోని దుర్గుణాలా? పై భాగం అయిన ఆత్మ కిందివాళ్లతో, కింది భాగం అయిన దేహం పైవాళ్లతో, అంటే తలకిందులుగా వేలాడుతున్నారన్నమాట! చావులేనితనం, దానితోపాటు దుఃఖం, ఈ రెండూ ఉన్నవాడు మనకేం మేలు చేస్తాడు, శాశ్వతంగా ఏడుస్తూ ఉండడం నేర్పుతాడా? క్రీస్తు సరిగ్గా తిరగేసి వచ్చాడు అంటాడు అగస్టీన్. మన దగ్గరున్న చావుని కొన్నాళ్లకి తీసుకున్నాడు, తన దగ్గరున్న ధన్యతని వదల్లేదు. చావు దాటిపోయింది, ధన్యత నిలిచింది. ఇంకెవరినీ మధ్యలో వెతుక్కోనక్కర్లేదు, ఎందుకంటే చేరాల్సిన చోటూ ఆయనే, వెళ్లే దారీ ఆయనే, దేవుడిగా గమ్యం, మనిషిగా మార్గం.

అగస్టీన్ కంటే వందేళ్ల ముందే ఈ గాలిలో జీవుల ఆలోచన సంఘంలోకే వచ్చి కూర్చుంది. అలెగ్జాండ్రియాలో అరియస్ అని ఒక సంఘ పెద్ద. భక్తిపరుడు, పాటలు కట్టి జనంలోకి వదిలేవాడు. దేవుడు ఈ మట్టిని నేరుగా ముట్టుకోలేడు, అందుకని ముందు కుమారుణ్ణి సృష్టించుకున్నాడు, ఆయన ద్వారా మిగతా అంతా చేశాడు, ఆయన లేని కాలం ఒకటి ఉంది అన్నాడు. వినడానికి ఎంత సౌకర్యంగా ఉందో చూడండి, పైన దేవుడు భద్రం, కింద మనం భద్రం, మధ్యలో ఒక అత్యున్నత సృష్టి. 325లో నైసీయలో చక్రవర్తి కాన్‌స్టంటైన్ పిలిచిన సభలో దాన్ని కాదన్నారు, కుమారుడు తండ్రితో ఒకే సారం గలవాడని విశ్వాస ప్రమాణంలో రాశారు. దానికి 2025తో 1700 ఏళ్లు నిండాయి. ఆ సభకి బిషప్ వెంట వచ్చిన యువ డీకన్ అథనేసియస్ జీవితాంతం ఒకే మాట పట్టుకున్నాడు, ఆ పట్టుదలకి ఐదుసార్లు ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. ఏంటా మాట? సృష్టించబడినవాడు సృష్టిని దేవుడితో కలపలేడు, ఎందుకంటే అతన్ని కలపడానికే ఇంకొకడు కావాలి. అంతే. అరియస్ మధ్యవర్తి దేవుడి మీద చెయ్యి వేయలేడు.

సరే దేవుడే అనుకుందాం, మరి మనిషి మీద చెయ్యి? ఇక్కడ అపొల్లినారిస్ వస్తాడు, సిరియా తీరంలో లవొదికయ బిషప్, అరియస్‌కి బద్ధ విరోధి, అథనేసియస్‌కి స్నేహితుడు. ఆయన అన్నదేంటంటే, క్రీస్తుకి శరీరం మనదే గానీ లోపల మానవ మనసు బదులు దేవుని వాక్యమే, అంటే ఆ దైవ కుమారుడే, ఉన్నాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ వింటే మీరు ఆశ్చర్యపోతారు. గుర్రం గుణాలూ గాడిద గుణాలూ కలిస్తే కంచరగాడిద, తెలుపూ నలుపూ కలిస్తే బూడిదరంగు. మధ్యలో ఉండేదేదీ రెండు కొసల్నీ పూర్తిగా కలిగి ఉండదు, రెండింటి మిశ్రమంగానే ఉంటుంది, క్రీస్తులో దేవుడూ మనిషీ అలా కలిశారు అన్నాడు. తర్కానికి తప్పు లేదు. మధ్యవర్తి అంటే సగం సగం అనుకుంటే ఎవరైనా చివరికి అక్కడికే చేరతారు. దీనికి అదే కాలపు బిషప్, నాజియాంజుస్ ఊరి గ్రెగరీ జవాబు ఒక్క ముక్క: తాను తీసుకోనిదాన్ని ఆయన బాగుచెయ్యలేదు. మనసే తీసుకోలేదా, అయితే మనసే బాగుపడలేదు, మనలో ముందు చెడింది అదే కదా!

451లో ఇప్పటి ఇస్తాంబుల్‌లో భాగమైన కల్కెదోనులో జరిగిన సభలో దీన్ని నాలుగు మాటల్లో కట్టారు. దైవస్వభావం, మానవస్వభావం రెండూ ఒకే వ్యక్తిలో, కలగాపులగం కాకుండా, మారిపోకుండా, చీలిపోకుండా, వేరుపడకుండా. నాలుగూ 'కాకుండా'లే, ఎలా ఉందో చెప్పలేదు, ఎలా అనుకోకూడదో చెప్పారు. ఐగుప్తు, సిరియా, అర్మేనియా సంఘాలు దాన్ని ఒప్పుకోలేదు, కేరళలోని సిరియన్ ఆర్థడాక్స్ వాళ్లు ఆ వరసలోనివాళ్లే, వాళ్ల అభ్యంతరం వేరే రోజు మాట్లాడుకోవాల్సినంత పెద్దది. నాకు కావాల్సింది ఇంతే: కల్కెదోను ప్రకారం మధ్యవర్తి మధ్యలో లేడు. అటు పూర్తిగా, ఇటు పూర్తిగా ఉన్నాడు. ఎమ్మార్వో ఆఫీసు బయట నిలబడ్డ మనిషి సారూ కాదు, మనమూ కాదు. ఈయన సారే, మనమే.

ఇప్పుడు ఇంకో బొమ్మ. మన కూటాల్లో తరచూ వినేది, తండ్రి కోపంతో కత్తి ఎత్తాడు, కొడుకు అడ్డం పడి చెయ్యి పట్టుకున్నాడు అని. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే, జనం కన్నీళ్లు పెట్టుకుంటారు, కానీ ఆలోచించి చూస్తే ఆ కథలో ఇద్దరు దేవుళ్లున్నారు, ఒకాయన కఠినుడు, ఒకాయన దయామయుడు. పౌలు 2 కొరింథీ 5:19లో ఏమంటాడు? దేవుడే క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అంటాడు. రాజీకి ముందుకొచ్చింది తగువు పడ్డ మనం కాదు, మధ్యలో మూడోవాడూ కాదు, ఆయనే. దేవుడి ఉగ్రత లేదని నేననడం లేదు, రోమా పత్రిక మొదటి అధ్యాయం నిండా అదే ఉంది. కానీ ప్రేమ ఉగ్రత కంటే ముందుంది. అగస్టీన్ మాటల్ని 16వ శతాబ్దపు ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ ఇష్టంగా ఎత్తి రాశాడు, ఆయన మనల్ని ద్వేషిస్తున్నప్పుడు కూడా ప్రేమించాడని. వాక్యం విరోధంగా ఉన్నట్టుంటుంది, రెండు మూడు రోజులు నమిలితే గానీ దిగదు. ఇక యోహాను 16:26, 27 అయితే నేను ఏ ప్రసంగంలోనూ విన్నట్టు గుర్తు లేదు. యేసే అంటున్నాడు, మీ గురించి నేను తండ్రిని వేడుకుంటానని చెప్పడం లేదు, "తండ్రి తానే మిమ్మును ప్రేమించుచున్నాడు." మధ్యవర్తి నోటినుంచే వచ్చింది ఈ మాట! మరి ఆయన విజ్ఞాపన చేస్తున్నాడని రోమా 8లో, హెబ్రీ 7లో ఉంది కదా అంటే, ఉంది. కాల్విన్ దాని గురించి, ఆయన తండ్రి కాళ్ల ముందు మోకరించి బతిమాలుతున్నాడని ఊహించుకోకండి, ఆయన అక్కడ ఉండడమే, ఆయన మరణపు విలువే మన తరపున విజ్ఞాపన అన్నాడు.

(ముందు వరసలోంచి ఒకావిడ: అయ్యగారూ, మరి ఆర్.సి.ఎం. కాథలిక్ వాళ్లు మరియమ్మని, పునీతుల్ని అడుగుతారు కదా, అది ఇంకో మధ్యవర్తిని పెట్టుకోవడం కాదా?)

అడుగుతారేమో అని ఎదురుచూస్తున్నానమ్మా. ఫిబ్రవరి 11న గుణదల కొండకి వెళ్లే లక్షలమందిలో మన ఇళ్లలోవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి గౌరవంగా మాట్లాడుకుందాం. వాళ్ల సంఘం రాతపూర్వకంగా ఏం చెప్తోందో ముందు చూడాలి. 1563లో ట్రెంటు సభ పునీతుల్ని ప్రార్థించమని అడగడం మంచిది, ప్రయోజనకరం అంటూనే, మేళ్లన్నీ దేవుడి నుంచి, ఏకైక రక్షకుడైన యేసుక్రీస్తు ద్వారానే వస్తాయని అదే వాక్యంలో రాసింది. 'మా కొరకు ప్రార్థించండి' అని మరియమ్మని అడుగుతారు, మమ్మల్ని రక్షించండి అని కాదు. 13వ శతాబ్దపు కాథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ అయితే, పూర్తి అర్థంలో మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే, మిగతావాళ్లు ఆయన కింద సేవకులుగా మనుషుల్ని సిద్ధం చేసేవాళ్లు మాత్రమే అని గీత గీశాడు. జనం ఆ గీత మీద నిలబడ్డారా అంటే, నిలబడలేదు, అది వాళ్ల పెద్దలకీ తెలుసు. 2025 నవంబర్‌లో వాటికన్ ఒక పత్రం విడుదల చేసి, మరియమ్మని సహ రక్షకురాలు అనడం తగదని తేల్చింది, 'సమస్త కృపలకీ మధ్యవర్తి' అనే బిరుదు విషయంలో కూడా జాగ్రత్త చెప్పింది. 1921లో బెల్జియంలో అదే బిరుదుతో పండగ చేసుకోవడానికి రోమాయే అనుమతిచ్చిందని గుర్తుపెట్టుకుంటే, ఇది చిన్న మాట కాదు. నేను ప్రొటెస్టెంటుని, చనిపోయినవాళ్లని అడగమనే ఆజ్ఞ నాకు లేఖనంలో కనపడదు, నేను అడగను. కానీ వాళ్ల మీద రాయి వేసేముందు మన ఇల్లు చూసుకుందాం.

మన ఇంట్లో పునీతుల స్థానంలో దైవజనుడు కూర్చున్నాడు. నా ప్రార్థన దేవుడు వినడండీ, అయ్యగారు చేస్తే వింటాడు. ఫలానా ఆయన చెయ్యేసిన నూనె తెచ్చుకోవాలి, ఫలానా ఆయన యూట్యూబ్ లైవ్‌లో పేరు చదివితే పని అవుతుంది, పేరు చదవాలంటే కానుక స్క్రీన్‌షాట్ పెట్టాలి. ప్రార్థన చివర మాత్రం యథావిధిగా 'యేసు నామములో అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ' అంటాం! ఆ ఒక్క వాక్యం అంటున్నవాడు ఎవరైనా, పంట పొలంలో కూలి చేసుకునే ఆవిడైనా, ఏ పొగా అడ్డం లేకుండా, ఏడాది ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది, ప్రధాన యాజకుడికి దక్కనిది ఆవిడకి దక్కింది. అది మర్చిపోయి మళ్లీ బయట నిలబడి చీటీ పంపిస్తోంది.

ఇది కొత్త జబ్బు కాదు. నాలుగో శతాబ్దం చివర రోమాలో ఒక వ్యాఖ్యాత ఉండేవాడు, అసలు పేరు ఎవరికీ తెలియదు, ఆయన రాతలు చాలాకాలం అంబ్రోస్ బిషప్ పేరు మీద చెలామణీ అయ్యాయి కాబట్టి పండితులు అంబ్రోసియాస్టర్ అంటారు. రోమా పత్రిక మొదటి అధ్యాయం మీద రాస్తూ, అన్యుల వాదం ఒకటి చెప్తాడు: రాజు దగ్గరికి ఉద్యోగుల ద్వారా వెళ్తాం కదా, దేవుడి దగ్గరికీ అలాగే మధ్యవాళ్ల ద్వారా వెళ్తున్నాం. ఆయన జవాబు, రాజు దగ్గరికి ఉద్యోగుల ద్వారా వెళ్లేది ఎందుకంటే రాజూ మనిషే కాబట్టి, ఎవరిని నమ్మాలో ఆయనకి తెలియదు కాబట్టి. దేవుడికి తెలియనిదేముంది? ఆయన దగ్గరికి సిఫారసు చేసేవాడు అక్కర్లేదు, భక్తిగల మనసు చాలు. అచ్చం మన ఎమ్మార్వో ఆఫీసే, 1600 ఏళ్ల కిందట!

(అదే ఆవిడ: అయితే ఒకరి కోసం ఒకరం ప్రార్థన చెయ్యకూడదా?)

అయ్యో, తప్పకుండా చెయ్యాలి. పౌలే రోమా 15:30లో నా కోసం ప్రార్థన చెయ్యండని బతిమాలుకున్నాడు, అంతటి అపొస్తలుడు, తను ఎప్పుడూ చూడని సంఘాన్ని. మధ్యవర్తి ఒక్కడే అన్న వాక్యం ఉన్న ఆ తిమోతి రెండో అధ్యాయమే మొదలవడం ఎలా మొదలవుతుంది? మనుషులందరి కోసం విజ్ఞాపనలు చెయ్యండి అనే. తేడా ఎక్కడంటే, మీ పక్కింటావిడ మీ కోసం ప్రార్థన చేసేటప్పుడు మీ పక్కన నిలబడుతుంది, మీకూ దేవుడికీ మధ్య నిలబడదు. పాస్టరు గారిదీ అదే చోటు. ఆయన పిలుపు వేరు, బాధ్యత వేరు, దేవుడి దగ్గర పలుకుబడి మాత్రం మీకున్నదే ఆయనకీ ఉంది, అదీ అరువు పలుకుబడే, క్రీస్తుది.

(వెనకనుంచి ఒక అబ్బాయి: సర్, పరలోకం వెళ్లాక కూడా మధ్యవర్తి అవసరం ఉంటుందా?)

బాగుంది, ఇది పెద్దపెద్దవాళ్లు తలపడ్డ ప్రశ్న. 1 కొరింథీ 15లో కుమారుడు రాజ్యాన్ని తండ్రికి అప్పగిస్తాడు, దేవుడు సర్వంలో సర్వం అవుతాడు అని ఉంది కదా. అంకుర, అంటే ఇప్పటి అంకారా, బిషప్ మార్సెల్లస్, నైసీయ పక్షంవాడే, దీన్ని పట్టుకుని కుమారుడి రాజ్యానికి ఒక రోజు ముగింపు ఉందన్నాడు. అది కాదని చెప్పడానికే మన విశ్వాస ప్రమాణంలో 'ఆయన రాజ్యమునకు అంతము లేదు' అన్న ముక్క చేరింది, 381 నాటి ప్రమాణంలో ఉంది, మనం చదువుతున్నది అదే. కాల్విన్ మార్సెల్లస్ అంత దూరం పోలేదు గానీ, దేవుణ్ణి ఉన్నది ఉన్నట్టు చూసే రోజున క్రీస్తు మధ్యవర్తిగా తన పని ముగించుకుని, తండ్రి తరపు రాయబారిగా ఉండడం మానేస్తాడని రాశాడు. పాపానికి సంబంధించిన పని ముగుస్తుంది అనే అర్థంలో అయితే సరే, రాజీ కుదిరాక రాజీ చర్చలు ఉండవు. కానీ దేవుణ్ణి చూడ్డానికి ఇక క్రీస్తు మానవత్వం అక్కర్లేదు అనే అర్థంలో అయితే ఇక్కడ నేను కాల్విన్ పక్షాన లేను. ఆయన మనిషి అయ్యింది కొంతకాలం కోసం కాదు, గాయాల గుర్తులున్న ఆ దేహంతోనే లేచాడు, దానితోనే వెళ్లాడు. ప్రకటన 22 చూడు బాబూ, మూడో వచనం, దేవునిదీ గొర్రెపిల్లదీ సింహాసనం అక్కడ ఉంటుంది అంటుంది. రెండు సింహాసనాలు అనలేదు, ఒక్కటే. ఆ తర్వాత, ఆయన దాసులు ఆయన ముఖాన్ని చూస్తారు అని. ఎవరి ముఖం, తండ్రిదా గొర్రెపిల్లదా? యోహాను ఏకవచనంలో రాసి వదిలేశాడు, నేను కూడా అక్కడే వదిలేస్తున్నాను.